శ్రమ తరువాత సంగటి

ఉదయము ఐదున్నర గంటలకే మా కళాశాల మైదానములో విద్యార్థులు పరుగులు తీయుచుందురు. కొందరు పోలీసు కానిస్టేబులు పరీక్షలోని 1600 మీటర్ల పరుగు కొరకు, కొందరు సైన్యములో చేరుట కొరకు, మరికొందరు కేవలము పొట్ట తగ్గించుకొనుట కొరకు వచ్చువారు. ఈ మూడవ తరగతి వారిలో ఒక నమ్మకము బలముగా వ్యాపించియున్నది. వ్యాయామము చేసిన పిదప అన్నము గాని, రొట్టె గాని ముట్టరాదనియు, ముట్టినచో కరిగిన క్రొవ్వు మరల పేరుకొనుననియు వారు చెప్పుదురు. దీనికి పూర్తిగా ఎదురు నమ్మకము గలవారును అదే మైదానములో నున్నారు. పరుగు ముగిసిన అరగంటలోపల ఎంత తిన్నను అది కండలకే పోవునని వీరి వాదము. వీరు ఉగ్గాని, బజ్జీల బండి వైపు నడచుచుండగా వారు ఖాళీ కడుపుతో తరగతికి వచ్చుచున్నారు.

గత సంవత్సరము జమ్మలమడుగు ప్రాంతము నుండి వచ్చిన విద్యార్థి యొకడు మొదటి పక్షమువాడు. ప్రతి ఉదయము నాలుగు కిలోమీటర్లు పరుగెత్తి, మధ్యాహ్నము ఒంటిగంట వరకు మంచినీరు తప్ప ఏమియు పుచ్చుకొనక, ఎనిమిది దినములలో మూడు కిలోల బరువు తగ్గితినని సంతోషముతో మాతో చెప్పెను. తొమ్మిదవనాడు ప్రయోగశాలలో కళ్ళు తిరిగి పడెను. బల్ల అంచు తగిలి నుదుట గాయమైనది. ఆ గాయము మానినది గాని, అతడు అడిగిన ప్రశ్న మాత్రము మాతో నిలిచిపోయినది. “తింటే క్రొవ్వు పెరుగుతుంది, తినకుంటే పడిపోతాను, ఏమి చేయమంటారు సార్?” అని అతడడిగెను. దానికి మాకు తెలిసినంత సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

అన్నము, సంగటి, రొట్టె, బెల్లము మొదలగు పిండిపదార్థములు జీర్ణమై గ్లూకోజుగా రక్తములో చేరును. ఒక మనిషి రక్తమంతటిలో ఒక వేళ నుండు గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అనగా ఒక చెంచాడు మాత్రమే. ఒక పూట భోజనము నుండి వచ్చునది దానికి పది పదిహేను రెట్లు. ఇంత చక్కెర రక్తములోనే నిలిచిపోకుండ ఎప్పటికప్పుడు తరలిపోవలయును. ఆ పనికి ఆజ్ఞ ఇచ్చునది క్లోమగ్రంథి స్రవించు ఇన్సులిన్. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు దీనిని వేరుచేసిరి. ఆజ్ఞ అందుకొని కాలేయము, కండరములు చక్కెరను గ్లైకోజెన్ అను రూపమున దాచుకొనును. కాలేయములో సుమారు 100 గ్రాములు, కండరములన్నిటిలో కలిపి సుమారు 400 గ్రాములు దాచుటకు చోటున్నది. కొద్దిపాటి ఇన్సులిన్‌కే కండరము పలికినచో దానిని మంచి స్పందన యందుము. ఎంత స్రవించినను పలుకకున్నచో క్లోమము మరింత స్రవించి స్రవించి అలసిపోవును. మనము చక్కెర వ్యాధి అనుకొను దానిలో అధికభాగమునకు ఇదియే నాంది.

ఈ స్పందనకును శ్రమకును గల సంబంధమును కన్నులకు కట్టినట్లు చూపిన ప్రయోగమొకటి 1966లో స్వీడన్‌లో జరిగినది. జోనాస్ బెర్గ్‌స్ట్రామ్, ఎరిక్ హుల్ట్‌మన్ అను ఇరువురు వైద్యులు తమ శరీరములనే ప్రయోగశాలగా చేసికొనిరి. ఒకే సైకిలు యంత్రమునకు చెరియొక ప్రక్కను కూర్చుండి, ఇరువురును ఒక్క కాలితోనే పూర్తిగా అలసిపోవు వరకు త్రొక్కిరి. రెండవ కాలు విశ్రాంతిగా నుండెను. పిదప మూడు దినములు పిండిపదార్థములు సమృద్ధిగా గల ఆహారము తీసికొనుచు, సూదితో రెండు తొడల నుండియు కండరపు ముక్కలు తీసి పరీక్షించుకొనిరి. శ్రమించిన కాలిలో గ్లైకోజెన్ మొదట అడుగంటినది. మూడు దినములకు విశ్రమించిన కాలిలో నున్న దానికి రెట్టింపు వరకు పెరిగినది. రెండవ కాలిలో చెప్పుకోదగిన మార్పు లేదు.

విద్యార్థులు ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపవలెనని మా కోరిక. రెండు కాళ్ళకును అందినది ఒకే రక్తము, ఒకే భోజనము, ఒకే ఇన్సులిన్. అయినను ఒకటి గ్రహించినది, ఒకటి గ్రహింపలేదు. కనుక అన్నము మంచిదా చెడ్డదా అని మైదానములో జరుగు వాదమంతయు సగము ప్రశ్న. ఆ అన్నము ఎట్టి కండరమును చేరుచున్నది యనునది మిగిలిన సగము.

దీని లోపలి కారణము తరువాతి కాలమున తెలిసినది. కండరకణములో చక్కెరను లోనికి చేరవేయు మాంసకృత్తులు కొన్ని కలవు. సాధారణముగా అవి లోపల నుండి, ఇన్సులిన్ ఆజ్ఞ రాగానే పైపొరకు వచ్చును. కండరము పనిచేయునప్పుడు మాత్రము ఆజ్ఞతో నిమిత్తము లేకుండగనే వచ్చును. శ్రమ ముగిసిన పిమ్మట కొన్ని గంటల వరకు ఈ ప్రవేశము సులభముగా నుండును. ఇన్సులిన్ పట్ల పెరిగిన స్పందన ఒకటి రెండు దినములు నిలుచును. అందుచేతనే చక్కెర వ్యాధి గలవారు వ్యాయామమును వరుసగా రెండు దినములకు మించి మానరాదని వైద్యులు చెప్పుదురు. ఆదివారమునాడు మాత్రము చెమటోడ్చి తక్కిన ఆరు దినములు కుర్చీలో గడుపుట వలన కలుగు లాభము స్వల్పము. కండరము సంకోచించుటకు అప్పటికప్పుడు శక్తినిచ్చు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను 1929లో ఫిస్కేతో కలిసి లోకమునకు తెలిపినవారిలో మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగా రుండిరని ప్రసంగవశమున చెప్పకుండ ఉండలేము.

ఇక అరగంట మాట. శ్రమ ముగిసిన వెంటనే తిన్నచో కండరములు త్వరగా నిండుననియు, రెండు గంటలు ఆలసించినచో ఆ వేగము తగ్గుననియు 1988లో అమెరికాలో జాన్ ఐవీ బృందము చూపినది. ఇది నిజమే. అయితే ఉదయము పోటీలో పాల్గొని సాయంత్రము మరల పాల్గొనవలసిన క్రీడాకారునికే ఇది ముఖ్యము. మరునాటి ఉదయము వరకు పరుగెత్తని వానికి ఆ దినమంతయు తిన్న మొత్తమే లెక్క. అరగంట దాటినంత మాత్రమున తలుపు మూసికొనదు. అరగంటలో తిన్నంత మాత్రమున బజ్జీలలోని నూనె కండగా మారదు.

క్రొవ్వు తగ్గుట వేరొక లెక్క. అరవై కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరుగెత్తినచో ఖర్చగునది సుమారు 300 కెలోరీలు. ఒక కిలో శరీరపు క్రొవ్వులో నిలువయున్నది దాదాపు 7,700 కెలోరీలు. అనగా భోజనము పెంచకుండ ఇరువదియైదు, ఇరువదియారు ఉదయములు పరుగెత్తినచో ఒక కిలో. మరి జమ్మలమడుగు విద్యార్థి ఎనిమిది దినములలో పోగొట్టుకొనిన మూడు కిలోలు ఏమి? గ్లైకోజెన్ ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలిచియుండును. నిలువలు ఖాళీయైనప్పుడు ఆ నీరును వెడలిపోవును. అతడు పోగొట్టుకొన్న దానిలో పెద్దభాగము ఈ నీరే. మరల కడుపునిండ భుజించిన రెండు దినములకే బరువు తిరిగివచ్చినది. క్రొవ్వు వచ్చినదని అతడు భయపడెను. వచ్చినది నీరు.

కనుక వ్యాయామము తరువాత తినుట వలన క్రొవ్వు పెరుగునను భయము నిరాధారము. ఆ వేళ చక్కెర ముందుగా ఖాళీయైన కండరములకు పోవును. అది నిలువ చేరుచుండగా శరీరము క్రొవ్వునే కొంత ఇంధనముగా వాడుకొనుచుండును. అయితే రెండవ పక్షము వారికిని ఒక మాట. ఖర్చయిన దానినంతటిని వెంటనే తిరిగి తినివేసినచో శ్రమ వలన కలిగిన స్పందనలో కొంతభాగము తగ్గిపోవునని ప్రయోగములు తెలుపుచున్నవి. కొంత లోటు నిలిపియుంచుటలోనే లాభమున్నది. బరువు తగ్గగోరువారు పరుగు తరువాత తినవలసినదే. కాని అది కొత్తగా చేర్చిన పూట కారాదు. దినములో తిను పిండిపదార్థములలో పెద్ద పాలును ఆ వేళకు జరిపి, రాత్రి అన్నమును తగ్గించుట మేలు.

ఇది లావుగా నుండువారి సమస్య మాత్రమే యని సన్ననివారు నిశ్చింతగా నుండరాదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఆంగ్లేయ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ ఇరువురి చిత్రమునే ప్రచురించిరి. ఎత్తుకు తగిన బరువు సూచిక ఇరువురికిని 22.3. కాని శరీరములో క్రొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌కు 21.2 వంతులు! మన దేశీయుడు సన్నగా కనబడుచునే కండ తక్కువ, క్రొవ్వు ఎక్కువ కలిగియుండుట సామాన్యము. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము దేశములో చక్కెర వ్యాధిగ్రస్తులు 10.1 కోట్లు, దాని వాకిట నిలిచినవారు 13.6 కోట్లు.

మన సీమలో ఈ మాట విచిత్రముగా తోచవచ్చును. ఇది కరవుల నేల. 1876–78 నాటి మహాక్షామమును మన పెద్దలు ధాత కరువని తలచుకొందురు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు దానిలో ఘోరముగా దెబ్బతినినవి. కరువు పనులలో రాళ్ళు కొట్టు పురుషునికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, పై ఖర్చులకు కొంత పైకమును చాలునని 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. అంతకుముందు ఇచ్చినది పౌనున్నర. మద్రాసు రాష్ట్ర ఆరోగ్య కమిషనరు డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. శ్రమించు దేహమునకు ఆ ధాన్యము చాలదనియు, పప్పు, కూరలు కూడ కావలెననియు అతని వాదన. ఆ పౌను ధాన్యములో నున్నవి సుమారు 1,600 కెలోరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారము కఠినశ్రమ చేయు పురుషునికి కావలసినవి 3,470. కూర్చుండి పనిచేయువానికి 2,110. ఈ రెండు అంకెల నడుమ నున్న అంతరమే శ్రమ. మన తాతలు శ్రమకు తగిన తిండి లేక క్షీణించిరి. మనము ఆ తిండిని పెంచుకొని శ్రమను విడిచిపెట్టితిమి.

పొద్దున నాగలి పట్టి, ఎండ ఎక్కిన వేళ గట్టున కూర్చుండి రాగిసంగటి, ఊరుబిండి తిను రైతు ఇన్సులిన్ పేరు విని యుండడు. అయినను అతని భోజనము పడవలసిన వేళకే పడుచుండెను. అదే సంగటిముద్దను పగలంతయు కదలని మనము రాత్రి తొమ్మిది గంటలకు తిని పండుకొనినచో ఫలితము అదే కాదు. రాగి అనగానే చక్కెర వ్యాధికి మందని అనుకొనుట కూడ పొరపాటు. మెత్తని పిండికి బియ్యము చేర్చి ఉడికించిన సంగటి త్వరగానే జీర్ణమై రక్తములో చక్కెరను పెంచును. రాగిలోని సున్నము గొప్పదే. అది ఎముకలకు సంబంధించిన గుణము. పరుగు తరువాత మా దృష్టిలో జొన్నరొట్టె, పప్పు మేలైన జత. 100 గ్రాముల జొన్నపిండిలో సుమారు 70 గ్రాముల పిండిపదార్థము, 10 గ్రాముల మాంసకృత్తులు కలవు. అరవై కిలోల విద్యార్థికి ఒక ఉదయపు పరుగుకు ఇంతకన్న అవసరము లేదు.

రంజాను మాసములో ఏమి చేయవలెనని అనేకులు అడుగుచున్నారు. ఉపవాసములో మధ్యాహ్నము దాటునప్పటికి కాలేయపు నిలువ బాగుగా తగ్గిపోవును. మా ఎండలలో నీటి కొరత మరింత ప్రమాదము. కనుక సాధన తేలికగా నుండవలెను. ఇఫ్తారుకు ముందు అరగంట గాని, ఇఫ్తారు పిదప గంటన్నరకు గాని చేసినచో మేలు. ఖర్జూరము, నీరు, పిదప కొంత విరామము, ఆ మీదట భోజనము. హలీము చాల బలమైన ఆహారము. దాని వెంట సమోసాలు, షర్బత్తు, సేమ్యా పాయసము చేరినప్పుడే లెక్క తప్పుచున్నది. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు మాత్రము వైద్యుని అడుగకుండ ఉపవాసమునకు గాని, పరుగుకు గాని దిగరాదు. వారికి చక్కెర పడిపోవుట ప్రాణాపాయము.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. వసతిగృహములో ఉదయపు ఫలహారము ఎనిమిదిముప్పావుకు సిద్ధమగుచున్నది. పరుగు ఆరుముప్పావుకు ముగియుచున్నది. తొమ్మిదింటికి మొదటి తరగతి. పదిహేను నిమిషములలో వరుసలో నిలిచి తినలేక అనేకులు మానివేయుచున్నారు. తరగతికి ఖాళీ కడుపుతో వచ్చువారందరును నమ్మకము వలన వచ్చువారు కారు. ఏడింటికి వచ్చు వంటవారిని ఇంకను ముందు రమ్మనుట న్యాయము కాదని మాకును తెలియును. రాత్రియే నానబెట్టి ఉంచిన శనగలు ఒక గుప్పెడు, రెండు అరటిపండ్లు ఏడు గంటలకు అందుబాటులో నుంచినచో చాలును. దానికగు ఖర్చును రాత్రి మిగిలి పారవేయుచున్న అన్నము నుండి తగ్గించవచ్చునని మెస్సు కార్యదర్శులతో కలిసి మేము వేసిన అంచనా కార్యాలయములో సమర్పించియున్నాము. ఆడపిల్లల వసతిగృహమును కూడ అందులో చేర్చితిమి. వారికి మైదానము దొరకునది సాయంత్రము ఐదింటికి కనుక ఆ గుప్పెడు శనగలు వారికి ఆరింటికి కావలెను.