పోయెమ్స్ అంటే కవితలు కాదు

మన పత్రికలో పోయెమ్స్ అనగానే అందరూ కవితలే అనుకుంటారు. పోయినేడు మా పెదనాన్న రిపోర్టులో ఆ పదం చూసి నేనూ టైపింగ్ మిస్టేక్ అనుకున్నా.

పెదనాన్నది గద్వాల, చీరలు నేస్తాడు. ఒకరోజు మగ్గం గుంటలో కూర్చుని, "కాలికింద చెక్క ఉన్నదో లేదో తెలుస్తలేదురా" అన్నాడు. షుగర్ ఉంది కాబట్టి ఆ తిమ్మిరే అనుకున్నాం. వనపర్తిలో చూపిస్తే డాక్టర్ కూడా అదే అన్నారు. ఆరు నెలలకి గోడ పట్టుకోకుండా నడవలేకపోయాడు. కాళ్లు వాచాయి, ఒళ్లు నల్లబడింది. ఒక్కోదానికి ఒక్కో డాక్టర్, ఒక్కో మందు. చివరికి హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్ట్ అన్నిటినీ కలిపి చూశారు.

ఐదు లక్షణాల ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలే ఈ పేరు: నరాలు దెబ్బతినడం, కాలేయం, ప్లీహం లాంటివి పెరగడం, హార్మోన్ల తేడాలు, ప్లాస్మా కణాల రుగ్మత, చర్మంలో మార్పులు. 1980లో అమెరికా డాక్టర్లు పెట్టారు. అంతకుముందే 1956లో క్రో, 1968లో ఫుకాసే దీన్ని వర్ణించారు కాబట్టి క్రో-ఫుకాసే అని కూడా అంటారు.

ప్లాస్మా కణాల పని యాంటీబాడీలు తయారుచేయడం. వాటిలో ఒకటి దారి తప్పి తన కాపీలనే పెంచుకుంటుంది. రక్తంలో వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ బాగా పెరుగుతుంది. దాంతో రక్తనాళాలు లీకై వాపులొస్తాయి. మన భాషలో చెప్పాలంటే ఐదు మాడ్యూల్స్‌లో ఎర్రర్లు, బగ్ మాత్రం ఒక్కటే.

పట్టుకోవడమే కష్టం. ఆ కణాలు వదిలే ప్రోటీన్ చాలా కొంచెమే ఉంటుంది. మామూలు ఎలక్ట్రోఫోరెసిస్‌కి దొరక్కపోవచ్చు, అందుకే ఇమ్యునోఫిక్సేషన్ కూడా చేయాలి. వీఈజీఎఫ్ కూడా చూస్తారు.

దొరికితే మాత్రం వైద్యం ఉంది. ఎముకలో ఒకటి రెండు చోట్లే ఉంటే రేడియేషన్. మజ్జలో పాకితే మందులు, లేదా సొంత మూలకణాల మార్పిడి. నరాలు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

పెదనాన్నకి రేడియేషన్ అయింది. ఇప్పుడు కర్రతో వీధి చివరిదాకా వెళ్లొస్తున్నాడు. మగ్గం ఎక్కలేదింకా.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మీది ఏ ఊరైనా సరే, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఉంటారు. షుగర్ తిమ్మిరి సాధారణంగా ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. కొన్ని నెలల్లోనే కాళ్లలో బలం పోతుంటే, "ఇది షుగరేనా, ఇంకేమైనా ఉందా?" అని డాక్టర్‌ని ఒక్కసారి అడగండి. మేం ఆరు నెలలు అడగలేదు.