మీకు తెలుసా? క్యారియర్ బరువు కూడా లెక్కే!

1950లో జర్మనీలో తయారీ మొదలైన ఫోక్స్‌వాగన్ వ్యాన్‌కు టాప్ అంచు వెంబడి వాన నీరు జారిపోయే సన్నటి రేకు గాడి ఉండేది. మన మారుతి ఓమ్నీకీ అలాంటిదే. టాప్ మీద సామాను పెట్టుకునే క్యారియర్ కాళ్లను ఆ అంచుకు క్లాంపులతో బిగిస్తే సరి, డ్రిల్లుతో పనే లేదు. ఫియట్ డుకాటో లాంటి తర్వాతి తరం వ్యాన్లకు బోల్టు పాయింట్లు టాప్ మీదే ఉంటాయి.

సెకండ్‌హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ అయితే ముందు ఆ గాడిలోకి తొంగి చూడాలి. అతుకుల మీది సీలెంట్ పగిలితే నీరు దిగి, పెయింట్ కింద తుప్పు పొంగుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు పొరలుగా రాలుతోందా? అక్కడ క్యారియర్ బిగించడం దండగ.

మాన్యువల్‌లో ఇచ్చే టాప్ బరువు పరిమితిలో సాధారణంగా క్యారియర్ బరువూ కలిసే ఉంటుంది. చాలామంది మరిచేది ఇదే. పైగా ఆ పరిమితి బండి నడిచేటప్పటి లెక్క. ఆగి ఉన్నప్పుడు టాప్ ఇంకా ఎక్కువే మోస్తుంది కాబట్టే పైన టెంటు వేసుకుని మనుషులు పడుకోగలుగుతున్నారు.

బిగించాక కొంత దూరం నడిపి, బోల్టులు మరోసారి బిగించండి.