నల్ల ఇసుకలో గోరంత వింతలు

లెంబె జలసంధిలో నీళ్లు అంత తేటగా ఉండవు. అడుగున పగడపు తోటలు కూడా తక్కువే. ఎటు చూసినా నల్లటి ఇసుక, బురద, నానిపోయిన కొమ్మలు, పగిలిన సీసాలు, ఖాళీ డబ్బాలు. కొత్తగా చూసినవారు ఇక్కడేముందని వెనుదిరిగే చోటు అది. అయినా దేశదేశాల నుంచి వేలకు వేలు ఖర్చు పెట్టుకుని, వీపున గాలి సిలిండరు కట్టుకుని, చేత కెమెరా పట్టుకుని జనం అక్కడే దిగుతున్నారు. వారు వెతికేది సొరచేపల కోసమో, తిమింగలాల కోసమో కాదు. చిటికెన వేలి గోరంత ప్రాణుల కోసం.

ఇండోనేషియాలోని సులవేసి దీవి ఉత్తర కొసకు ఎదురుగా లెంబె అనే చిన్న దీవి ఉంది. ఈ రెంటి నడుమ ఉన్న ఇరుకైన సముద్రపు పాయే లెంబె జలసంధి. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఒడ్డున ట్యూనా చేపలకు పేరు పడిన బిటుంగ్ రేవు పట్టణం ఉంది. చుట్టుపక్కల అగ్నిపర్వతాలు ఉండటంతో ఇసుక నల్లగా ఉంటుంది. దాక్కోవడానికి పగడపు దిబ్బ లేని చోట బతకాలంటే ప్రాణి తన ఒంటినే మరుగు చేసుకోవాలి. ఎండుటాకులా కనిపించేది ఒకటి, నాచు పట్టిన రాయిలా కనిపించేది మరొకటి. ఇలాంటి చోట దిగడాన్ని ‘మక్ డైవింగ్’ అంటారు. బురదలో మునక అన్నమాట.

కొబ్బరి చిప్పే ఇల్లు

మన పెరట్లో పారేసే కొబ్బరి చిప్పకు అక్కడ గిరాకీ ఉంది. ఒక జాతి ఆక్టోపస్ రెండు చిప్పలు ఏరుకుని ఒకదానిలో ఒకటి పేర్చి, పొట్ట కింద ఇరికించుకుని, చేతులను కర్రకాళ్లలా నిటారుగా చేసుకుని ఇసుక మీద నడుస్తుంది. ఆపద వస్తే ఒక చిప్పలో దూరి, రెండోది పైన మూసుకుంటుంది. రేపటి అవసరానికి ఇవాళే సరుకు మోసుకుపోవడం! వెన్నెముక లేని జీవి ఇలా పనిముట్టు వాడటాన్ని శాస్త్రజ్ఞులు 2009లో లోకానికి వెల్లడించారు.

ఇంకొక ఆక్టోపస్ పగటి వేషగాడికి ఏమాత్రం తీసిపోదు. చేతులన్నీ దగ్గరకు చేర్చి బల్లపరుపు చేపలా ఈదుతుంది. ఆరు చేతులు బొరియలో దాచి, రెండు చేతులు చెరో పక్కకు చాచి, చారల సముద్రపు పాములా భయపెడుతుంది. దీన్ని 1998లో సులవేసి తీరంలోనే గుర్తించారు. శాస్త్రీయంగా పేరు పెట్టింది మాత్రం 2005లో.

గోల్ఫు బంతి కన్నా పెద్దగా ఉండని నీలి ఉంగరాల ఆక్టోపస్ కూడా ఇక్కడిదే. కోపం వస్తే ఒళ్లంతా నీలి వలయాలు మెరుస్తాయి. ముచ్చటగా ఉందని అరచేతిలోకి తీసుకుంటే మాత్రం ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. దాని విషానికి విరుగుడు లేదు.

రెండు సెంటీమీటర్ల గుర్రం

అందరి కన్నా ఎక్కువ గిరాకీ మరుగుజ్జు సముద్రపు గుర్రానిది. విసనకర్రలా విప్పారిన ఒక రకం పగడపు కొమ్మను తోకతో పట్టుకుని ఇది జీవితం గడుపుతుంది. పొడవు రెండు సెంటీమీటర్లకు మించడం అరుదు. కొమ్మ మీది బుడిపెలు ఎలా ఉంటాయో దీని ఒంటి మీద కూడా అచ్చం అలాంటి బుడిపెలే. న్యూ కలెడోనియాలో 1969లో జార్జ్ బార్గిబాంట్ అనే ఆయన అక్వేరియం కోసం ఆ కొమ్మను తెచ్చి పరిశీలిస్తుండగా దాని మీద గుర్రం బయటపడింది. అప్పటిదాకా అలాంటి ప్రాణి ఉన్నట్టే శాస్త్రలోకానికి తెలియదు. మరుసటి ఏడాది దానికి ఆయన పేరే పెట్టారు. ఈ జాతిలో పిల్లలను మోసి కనేది మగది కావడం మరో విశేషం.

ఫోటో కోసం తిప్పలు

ఇంత చిన్న ప్రాణిని నీటి అడుగున ఫోటో తీయడం తేలిక పని కాదు. లోతుకు పోయేకొద్దీ ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణం వంతున ఒత్తిడి పెరుగుతుంది. 20 మీటర్ల లోతున సిలిండరులోని గాలి ఒడ్డున కన్నా మూడింతలు త్వరగా అయిపోతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. హడావిడిగా వస్తే రక్తంలో నత్రజని బుడగలు కడుతుంది. ఎరుపు రంగు కొద్ది మీటర్లలోనే మాయమవుతుంది కనుక ఫ్లాష్ తప్పదు. ఇవన్నీ చూసుకుంటూ అడుగున కదలక నిలబడాలి. కాలి రెక్క ఒక్కసారి తప్పుగా ఆడించినా గేదెలు దిగిన చెరువులా నీరు కలగిపోతుంది. ఆపైన ఫోటో లేదు, ఏమీ లేదు.

చిక్కంతా ఇక్కడే వస్తోంది. దూరాభారం వచ్చినవారికి మంచి ఫోటో కావాలి. వారిని మెప్పించి నాలుగు డబ్బులు అదనంగా పొందాలని గైడు ఆశపడితే, చేతిలోని కర్రతో గుర్రాన్ని కెమెరా వైపు తిప్పుతాడు. కొమ్మ నుంచి ఊడిపోయిన గుర్రానికి మళ్లీ కొమ్మ దొరకడం కష్టం. ఫ్లాష్ వెలుగుతో వీటి కళ్లు పోతాయని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియాలోని కర్టిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితం వేరుగా ఉంది. ఫ్లాష్ వల్ల కళ్లకు హాని కనిపించలేదు. చేత్తో, కర్రతో కదిలించడమే ఎక్కువ బాధిస్తోందని తేలింది. ఈ గైడుల్లో చాలామంది చుట్టుపక్కల పల్లెల యువకులే. ఏ కొమ్మ మీద ఏ ప్రాణి ఉందో వారికి కంఠతా తెలుసు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ రెండు దేశాల్లో బురద మునకల వల్ల ఏటా 15 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వస్తోందని, రెండు వేల మందికి పైగా ఉపాధి దొరుకుతోందని 2017 నాటి అంచనా. ప్రాణి చస్తే గైడు కూలి కూడా పోతుంది.

మన వైపు కూడా స్కూబా డైవింగ్ కొత్తేమీ కాదు. విశాఖ దగ్గర రుషికొండలో పర్యాటకులను సముద్రం లోపలికి దింపుతున్నారు. సముద్రపు గుర్రాలన్నిటినీ 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం కింద మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పట్టినా, ఎండబెట్టి అమ్మినా పులిని వేటాడినంత నేరం. వలలో చేపలతో పాటు పడినప్పుడు దాన్ని తిరిగి నీళ్లలో వదిలేయవలసిందే.

లెంబెలో చెత్త మాత్రం తగ్గడం లేదు. రేవు నుంచి, వాగుల నుంచి ప్లాస్టిక్ వచ్చి చేరుతూనే ఉంది. కొబ్బరి చిప్ప దొరకని ఆక్టోపస్‌లు ప్లాస్టిక్ కప్పుల్లో కాపురం పెడుతున్నాయి. కప్పు అద్దంలా ఉంటే లోపల ముడుచుకున్న ప్రాణి బయటి చేపకు కనిపిస్తూనే ఉంటుంది.