బాడుగ ఓడ మోసిన కబురు



బాడుగ ఇల్లు, బాడుగ బండి మనకు తెలిసినవే. కన్నడంలో ‘బాడిగె’ అన్నా మన పొలిమేర ఊళ్ళలో అర్థం కానివారు లేరు. మరి యుద్ధానికి ఓడను బాడుగకు తెచ్చుకోవడం విన్నారా? తరగతిలో ఈ మాట అంటే పిల్లలు నవ్వారు. కానీ రెండు వందల ఏళ్ళ కిందట బ్రిటిష్ నౌకాదళం అంతటిది ఈ పని చేసింది.

1793 నుంచి 1815 దాకా, నడుమ కొద్దికాలం తప్పించి, బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ యుద్ధమే. ఆ పోరు మన తీరానికీ వచ్చింది. 1804 సెప్టెంబరులో విశాఖపట్నం ఎదుటే రెండు పక్షాల ఓడలూ ఫిరంగులు పేల్చుకున్నాయి. అవి తెరచాపల రోజులు. గాలి ఎటు వీస్తే అదే బలం.

ఆనాటి పెద్ద యుద్ధనౌక ‘విక్టరీ’ని చూడండి. 104 ఫిరంగులు, ఎనిమిది వందల పైచిలుకు మనుషులు. అంతటి ఓడను ఒక ఉత్తరం చేరవేయడానికి పంపగలమా? వర్తకుల ఓడలకు కాపలా కాయాలి, శత్రువు రేవును కనిపెట్టి ఉండాలి, కబుర్లు మోయాలి. వీటికి చిన్న, చురుకైన ఓడలు కావాలి. నౌకాదళం దగ్గర ఉన్నవి చాలలేదు. కొత్తవి కట్టేదాకా యుద్ధం ఆగదు కదా! అందుకని ఒంటికొయ్య ‘కట్టర్’లనూ, రెండు కొయ్యల ‘స్కూనర్’లనూ యజమానుల దగ్గర ఒప్పందం మీద తీసుకున్నారు. పని తీరాక తిప్పి పంపేయవచ్చు.

అలా వచ్చినదే ‘స్టింగ్’ అనే స్కూనర్. పొడవు 73 అడుగులు. జమైకాలో దళాధిపతి లార్డ్ హ్యూ సేమౌర్‌కు అది నచ్చింది. కానీ సొంతంగా ఓడలు కొనరాదని పైవారి ఆజ్ఞ. ఆయన ముందు రోజుకు 10 పౌన్ల బాడుగకు తీసుకున్నాడు. తర్వాత 1800 డిసెంబరులో 2,500 పౌన్లకు కొనేశాడు. లెక్క వేయండి: 250 రోజుల బాడుగతో ఓడ ఖరీదు తీరిపోతుంది! అందుకే ఆ కొనుగోలును తప్పు పట్టడం కష్టం. పైవారు దానికి ‘పికిల్’ అని పేరు మార్చారు. అవును, మన ఊరగాయే!

1805 అక్టోబరు 21న స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ యుద్ధం జరిగింది. బ్రిటన్ గెలిచింది, దాని సేనాని నెల్సన్ మరణించాడు. సుమారు నలభైమంది ఉన్న పికిల్‌కు ఆ మహా నౌకల వరుసలో చోటు లేదు. కానీ ‘అషీల్’ అనే ఫ్రెంచి ఓడ తగలబడుతుంటే, నీళ్ళలో పడ్డవారిని కాపాడినవాటిలో అది ఒకటి. శత్రువులైనా మునిగేవాడు మనిషే.

ఆపైన తుఫాను. విజయవార్త, మరణవార్త రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. దాన్ని లండన్‌కు చేర్చే పని పికిల్‌కు, దాని అధికారి లాపెనోటియర్‌కు దక్కింది. అక్టోబరు 26న బయలుదేరి నవంబరు 4న ఫాల్మత్ రేవు చేరారు. అక్కడినుంచి గుర్రపు బండిలో 271 మైళ్ళు. 21 చోట్ల గుర్రాలను మార్చుతూ సుమారు 37 గంటలు. ఆరో తేదీ రాత్రి ఒంటిగంటకు నౌకాదళ కార్యాలయం తలుపు తట్టారు. అప్పటిదాకా తమ దేశం గండం నుంచి గట్టెక్కిందో లేదో రాజధానికి తెలియదు.

లాపెనోటియర్‌కు పదోన్నతి, 500 పౌన్ల బహుమానం దక్కాయి. పికిల్ మళ్ళీ ఉత్తరాలు మోసింది. 1808 జులైలో కాడిజ్ దగ్గర మునిగింది. అందులోనివారంతా బతికి బయటపడ్డారు.

విక్టరీ నేటికీ పోర్ట్స్‌మత్‌లో ఉంది, జనం వెళ్ళి చూస్తారు. పికిల్ లేదు. అయినా ఏటా నవంబరులో ఆ నౌకాదళంలోని వారు దాని పేర విందు చేసుకుంటారు. పిల్లలకు ట్రఫాల్గర్ పాఠం చెప్పేటప్పుడు గెలిచిందెవరని అడుగుతాం. ఆ కబురు తెచ్చిందెవరని కూడా ఒకసారి అడగండి.