పక్షవాతము – నేటి వైద్యవిజ్ఞానము

మన కళాశాల ప్రాంగణములో తెలుగు, ఉర్దూ భాషలు ప్రతిదినము ప్రక్కప్రక్కన వినిపిస్తుంటాయి. ఒక వ్యాధికి పేరు పెట్టుటలో ఈ రెండు భాషలును ఒకే తీరున నడిచినవి. తెలుగులో దానిని పక్షవాతము అంటాము. పక్షమనగా శరీరములో ఒక ప్రక్క. ఉర్దూలో ఫాలిజ్ అంటారు; అరబ్బీ నుండి వచ్చిన ఈ మాటకు మూలములో రెండుగా చీల్చుట అనే అర్థము కలదు. అనగా రెండు భాషల వారును పడిపోయిన చేతిని, కాలిని చూచి పేరు పెట్టినారు. కాని వ్యాధి పుట్టిన చోటు చేయి కాదు, కాలు కాదు, మెదడు. ఈ సంగతి తెలియనందువలన మన ఇండ్లలో ఎంత నష్టము కలుగుతున్నదో, తెలిసినచో ఎంత మేలు కలుగునో ఈ వ్యాసములో వివరించదలచినాము.

మాకు తెలిసిన ఒక కుటుంబములో జరిగిన సంగతితో ప్రారంభిస్తాము. ఇంటి పెద్దాయన తెల్లవారుజామున నమాజుకు వజూ చేస్తుండగా కుడిచేతి నుండి లోటా జారిపడినది. మాట తడబడినది. నీరసమని తలచి ఇంటివారు పడుకోబెట్టినారు. ఒకరు చేతికి నూనె మర్దన చేసినారు. పొరుగువారు పావురపు రక్తము పూయుమని చెప్పినారు. దానిని వెదకి తెచ్చుటలో మధ్యాహ్నము దాటినది. సాయంకాలమునకు ఆసుపత్రికి చేరగా వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎన్ని గంటలకు మొదలైనది?" అని. జవాబు విని ఆయన కొంతసేపు మౌనము వహించినారు. ఆ ఇంటివారి ప్రేమలో లోపమేమియు లేదు. సేవ అంతయు చేతికే జరిగినది. ఆపద మెదడులో ఉన్నదని ఎవరికిని తట్టలేదు.

వ్యాధి స్వరూపము

మెదడు బరువు మొత్తము శరీరపు బరువులో నూటికి రెండు వంతులు మాత్రమే. అయినను శరీరము వినియోగించు ప్రాణవాయువులో సుమారు అయిదవ వంతు దానికే ఖర్చగును. పైగా మెదడు తనకు కావలసిన ప్రాణవాయువును నిలువ చేసుకొనలేదు. రక్తము నిరంతరము తెచ్చి ఇవ్వవలసినదే. ఈ సరఫరా రెండు విధములుగా చెడిపోవచ్చును. రక్తనాళములో గడ్డ అడ్డుపడి ప్రవాహము నిలిచిపోవుట ఒకటి. నాళము చిట్లి రక్తము మెదడులోనికి చిమ్ముట రెండవది. మొదటి విధమే ఎక్కువగా కనబడుతుంది. మెదడులోని ఎడమ భాగము శరీరపు కుడి ప్రక్కను, కుడి భాగము ఎడమ ప్రక్కను నడిపిస్తాయి. చాలమందిలో మాటకు సంబంధించిన కేంద్రములు ఎడమ భాగములో ఉన్నవి. అందుచేతనే కుడిచేయి పడిపోయినవారికి తరచుగా మాట కూడ పోతుంది.

మన ప్రాంతపు చెరువులను ఎరిగినవారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. తూము మూసుకొనిపోయినచో దానినే నమ్ముకొన్న మడి ముందుగా ఎండుతుంది. చుట్టుప్రక్కల మడులు ఇతర కాలువల ఊటతో కొంతకాలము వాడిపోయి అయినను బ్రతికి ఉంటాయి. ఆ లోపల తూము తెరచినచో అవి మరల పచ్చబడతాయి. ఆలస్యమైనచో అవియు ఎండిపోతాయి. మెదడులోను ఇట్లే. నడిమి భాగము త్వరగా నశిస్తుంది. దాని చుట్టునున్న భాగము పని మానివేసినను ప్రాణముతో వేచి ఉంటుంది. చికిత్స అంతయు ఈ వేచియున్న భాగమును కాపాడుటకే. అమెరికా దేశపు వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో ప్రకటించిన లెక్క ప్రకారము, పెద్ద నాళము మూసుకొనినప్పుడు చికిత్స లేకుండ గడచిన ప్రతి నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశిస్తాయి.

మొదటి గంటలు

అడ్డుపడిన గడ్డను కరిగించు మందు, నాళము చిట్లినవానికి ఇచ్చినచో ప్రాణము తీయగలదు. కనుక ఏది ఏ రకమో ముందుగా తెలియవలెను. బయటి లక్షణములను మాత్రమే చూచి దీనిని నిశ్చయించుట అనుభవశాలురకు సైతము కష్టము. ఈ చిక్కును విడదీసినది సీటీ స్కాన్. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన ఈ యంత్రముతో 1971లో లండన్ నగరములో మొదటిసారి ఒక రోగి తలను పరీక్షించినారు. 1979లో ఆయనకును, ఆలన్ కోర్మాక్‌కును నోబెల్ బహుమతి లభించినది.

ఆ తరువాత చికిత్సకు మార్గము ఏర్పడినది. 1995లో అమెరికాలో 624 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడినవి. వ్యాధి మొదలైన మూడు గంటలలోపల టీపీఏ అనే గడ్డను కరిగించు మందు పొందినవారు, మూడు నెలల తరువాత వైకల్యము లేకుండ గాని, అతి స్వల్ప వైకల్యముతో గాని బయటపడు అవకాశము మందు పొందనివారి కంటె కనీసము 30 శాతము అధికముగా ఉన్నదని తేలినది. అపాయము లేకపోలేదు: మందు పొందినవారిలో నూటికి ఆరుగురికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావము కలిగినది; పొందనివారిలో నూటికి ఒకరికంటె తక్కువ. అందుకే స్కాన్ లేకుండ ఈ మందు ఇవ్వరాదు. 2008లో ఐరోపాలో జరిగిన పరిశోధన ఈ గడువును నాలుగున్నర గంటలకు పొడిగించినది.

పెద్ద నాళములోని పెద్ద గడ్డ మందుతో కరగుట అరుదు. దానిని తొడ వద్దనో, మణికట్టు వద్దనో ఉన్న ధమని గుండ సన్నని గొట్టమును మెదడు వరకు పంపి లాగివేయు పద్ధతి వచ్చినది. 2015లో నెదర్లాండ్స్‌లో 500 మందిపై జరిగిన పరిశోధన ఇది మేలైనదని చూపినది. అదే సంవత్సరము మరికొన్ని దేశముల పరిశోధనలు దానిని బలపరచినవి. 2018 నాటికి, స్కాన్‌లో మెదడు ఇంకను మిగిలియున్నదని తేలిన కొందరు రోగులలో 24 గంటల వరకు ఈ చికిత్స ఉపయోగపడునని తెలిసినది. అయితే "ఇరువదినాలుగు గంటలు ఉన్నవి కదా" అని ఎవరును నిదానించరాదు. ఆ భాగ్యము ఎంపికైన కొందరిదే.

ఇక ఇంటిలోని వారు తెలిసికొనవలసినవి కొద్దిపాటివి. నవ్వుమన్నప్పుడు నోరు ఒక ప్రక్కకు వంకరపోవుట, రెండు చేతులు పైకెత్తుమన్నప్పుడు ఒక చేయి వాలిపోవుట, చిన్న వాక్యము చెప్పుమన్నప్పుడు మాట ముద్దగా వచ్చుట – ఈ మూడింటిలో ఒక్కటి హఠాత్తుగా కనబడినను చాలును. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 సేవకు వెంటనే ఫోను చేయవలెను. రోగి చివరిసారి ఆరోగ్యముగా కనబడిన సమయమును గడియారము చూచి వ్రాసిపెట్టుకొనవలెను. నోటిలో నీరు గాని, తిండి గాని, మాత్రలు గాని వేయరాదు. మింగు శక్తి లోపించినవానికి అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. హయత్‌నగర్ నుండి పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి ఇరువది కిలోమీటర్లకు పైగా దూరము. దారిలో వాహనముల రద్దీ అందరికి తెలిసినదే. కనుక రాత్రింబవళ్ళు స్కానుతోబాటు ఈ మందు ఇవ్వగల ఆసుపత్రి మనకు దగ్గరలో ఏది అన్నది ఆపద రాకముందే విచారించి ఉంచుకొనుట వివేకము.

మెదడు తనను తాను దిద్దుకొనుట

మొదటి గంటలు గడచిన తరువాత నెలల కాలము వస్తుంది. స్పెయిన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు, 1906 నోబెల్ గ్రహీత రామోన్ ఇ కహాల్ పెద్దవారి మెదడులో నాడీమార్గములు స్థిరపడిపోయినవని, చెడినది మరల పుట్టదని అభిప్రాయపడినారు. ఆ మాట చాలకాలము వైద్యలోకమును నడిపించినది. నశించిన కణములు తిరిగి రావన్నది చాలవరకు నిజమే. కాని మిగిలిన కణములు క్రొత్త సంబంధములను ఏర్పరచుకొని, పోయినవాని పనిలో కొంత భాగమును నేర్చుకొనగలవని తరువాతి పరిశోధనలు చూపినవి. ఈ నేర్పుకు గురువు అభ్యాసమే. విచిత్రమేమనగా, మొదటి గంటలలో చేతిని విడిచి మెదడును చూడవలెనని చెప్పిన మేమే ఇప్పుడు చేతిని చూడుమంటున్నాము. ఏలయన ఈ దశలో మెదడుకు పాఠము చెప్పు మార్గము చేయియే.

అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ రూపొందించిన పద్ధతి ఇందుకు ఉదాహరణము. మంచిచేతికి తొడుగు వేసి దాని వాడుకను ఆపి, బలహీనమైన చేతితోనే పనులు చేయిస్తారు. 2006లో వెలువడిన పరిశోధనలో 222 మంది పాల్గొన్నారు. వ్యాధి వచ్చి మూడు నుండి తొమ్మిది నెలలు గడచినవారికి రెండు వారముల పాటు ఇట్లు చేయించగా చేతి వాడుక మెరుగుపడినది. మితము కూడ అవసరమే. 2015లో 2104 మందిపై జరిగిన మరియొక పరిశోధనలో, మొదటి 24 గంటలలోనే రోగులను తీవ్రముగా లేపి నడిపించుట మేలు కంటె కీడు చేసినట్లు తేలినది.

మన దేశములోను విలువైన పరిశోధనలు జరిగినవి. రోగి ఎముకమజ్జ నుండి తీసిన కణములను అతని రక్తములోనికే ఎక్కించు చికిత్సను అయిదు ఆసుపత్రులలో 120 మందిపై పరీక్షించి 2014లో ఫలితములు ప్రకటించినారు: అపాయము లేదు, కాని ప్రయోజనమును కనబడలేదు. మూలకణముల పేరిట ఎవరైన లక్షలు అడిగినప్పుడు పొలము అమ్ముటకు ముందు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. దేశములోని 14 ఆసుపత్రులలో 1250 మందిపై జరిగి 2017లో వెలువడిన మరియొక పరిశోధనలో, ఇంటివారికి కొంత శిక్షణ ఇచ్చి వారిచేతనే వ్యాయామము చేయించగా ఆరు నెలల తరువాత ఫలితములో తేడా కనబడలేదు. ఇంటివారి ఆదరణ అనవసరమని దీని అర్థము కాదు. శిక్షణ పొందిన చికిత్సకుని స్థానమును అది భర్తీ చేయజాలదని మాత్రమే.

రెండు భాషల బలము

ఇప్పుడు మన నగరమునకే చెందిన ఒక పరిశోధనను ప్రస్తావిస్తాము. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, డాక్టర్ సుభాష్ కౌల్ మొదలైనవారు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు థామస్ బాక్‌తో కలిసి, పక్షవాతము వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితములు ప్రకటించినారు. వీరిలో సగానికి పైగా రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడువారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలసి వినిపించు హైదరాబాదు అట్టి పరిశోధనకు తగిన చోటు. వ్యాధి తరువాత జ్ఞాపకశక్తి, వివేచన మొదలైన శక్తులు చెక్కుచెదరక నిలిచినవారు ఒకే భాష వారిలో నూటికి 19.6 మంది కాగా, బహుభాషలవారిలో నూటికి 40.5 మంది. వయస్సు, రక్తపోటు, పొగత్రాగుట వంటి ఇతర కారణములను లెక్కలోనికి తీసికొన్నను తేడా నిలిచినది.

దీనిని అతిగా అర్థము చేసికొనరాదు. రెండు భాషలు వచ్చినంత మాత్రమున పక్షవాతము రాదని కాదు. మాట పోవుట రెండు వర్గములలోను దాదాపు సమానముగానే ఉన్నది. ఒక భాషను అణచి మరియొక భాషను పలుకుట అనే నిత్యాభ్యాసము మెదడుకు కొంత నిలువ బలము చేకూర్చునేమోనని పరిశోధకుల భావన. మన కళాశాలలో ఒక విద్యార్థి తెలుగులో ప్రశ్న అడిగి ఉర్దూలో జవాబు వినుట మామూలు విషయము. ఆ మామూలు విషయమునకు ఇంత విలువ ఉండవచ్చునని మేము ఎన్నడును తలచలేదు.

మన కర్తవ్యము

ఈ వ్యాధికి మూలకారణములలో అధిక రక్తపోటు ప్రధానమైనది; అది నొప్పి లేకుండ పెరుగుతుంది. చైనాలో 600 గ్రామములలో సుమారు 21 వేల మందిపై జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, మామూలు ఉప్పుకు బదులు సోడియము తగ్గించి పొటాషియము కలిపిన ఉప్పును వాడగా పక్షవాతము 14 శాతము తగ్గినది. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగక ఇట్టి ఉప్పును వాడరాదు. పచ్చళ్ళలో, అప్పడములలో మనము తిను ఉప్పును కొంత తగ్గించుకొనుట అందరికిని సాధ్యమే.

కళాశాల కార్యవర్గము వారికి మా విన్నపము చిన్నది. సంవత్సరమునకు ఒకనాడు విద్యార్థుల తల్లిదండ్రులకు రక్తపోటు పరీక్ష ఏర్పాటు చేయవలెను. నోరు, చేయి, మాట అను మూడు గుర్తులను తెలుగులోను ఉర్దూలోను పెద్ద అక్షరములతో వ్రాయించి ద్వారము వద్ద వ్రేలాడదీయవలెను. విద్యార్థి మిత్రులు ఆ మూడు మాటలను తమ ఇంట అమ్మమ్మకు, నానికి, తాతగారికి తమ భాషలో చెప్పవలెను. లోటా జారిపడిన ఆ తెల్లవారుజామున ఆ ఇంటిలో చదువుకొన్న పిల్లలు ఇద్దరున్నారు. వారికి ఈ సంగతి ఎవరును చెప్పలేదు. ఇక ముందు మన కళాశాలలో చదివినవారి విషయములో అట్లు జరుగకూడదన్నదే మా ఆకాంక్ష.