నగరపు రాహుకాలము

మన పెద్దలు ప్రయాణమునకు బయలుదేరునపుడు పంచాంగము చూచెడివారు. సోమవారము ఏడున్నర మొదలు తొమ్మిది వరకు రాహుకాలము. శుక్రవారమైనచో పదిన్నర మొదలు పండ్రెండు వరకు. ఆ గంటన్నర గడచువరకు గడప దాటక, వీధియరుగుపై మూట ప్రక్కన పెట్టుకొని కూర్చుండెడివారు. వారముతోపాటు వేళయు మారుచుండుటచే, ఒకనాడు కాకున్న ఒకనాడు ఉదయము అనుకూలించెడిది. నేడు హైదరాబాదున కాపురముండు ఉద్యోగిని వేరొక రాహుకాలము పట్టుకొన్నది. అది దినమునకు రెండు మారులు వచ్చును. వారములు మారినను అది మారదు. దానిని తెలిసికొనుటకు పంచాంగము అక్కరలేదు. చేతిలోని ఫోనులో నగరపటము తెరచి చూచినచో చాలును. రహదారి గీత ఎఱ్ఱబారిన వేళయే రాహువు వచ్చిన వేళ.

ఈ పీడ నగరము పెరిగిన తీరులోనే ఉన్నది. 1578లో మూసీనదిపై పురానాపూల్ కట్టిన కాలమున ఊరంతయు గోలకొండకును, ఆ తరువాత చార్మినారుకును చుట్టుప్రక్కలనే ఉండెను. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు భవనము ప్రారంభమైన పిమ్మట ఉద్యోగములు పడమటి దిక్కునకు తరలిపోయెను. మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలో కార్యాలయములు లేచెను. కాపురములలో పెక్కు ఉప్పలులోను, నాగోలులోను, దిల్‌సుఖ్‌నగరులోను, ఎల్బీనగరులోను నిలిచిపోయెను. అందుచే ఉదయము జనము పడమటికి, సాయంకాలము తూర్పునకు సాగును. ఇట్టి ఉద్యోగికి సూర్యుడు రెండుపూటల వీపుననే ఉండును. ఎదురుదిక్కున పోవువానికి అదే దారి, అదే వేళ, ఎంతో తేలికగా సాగిపోవును.

రద్దీ యొక్క స్వభావమును వంటింటిలోని గరాటు చెప్పగలదు. బియ్యమును మెల్లగా పోసినచో గింజలు జారిపోవుచుండును. ఒక్కసారి క్రుమ్మరించినచో మూతికడ అడ్డుపడి నిలిచిపోవును. రహదారియు అట్టిదే. కొంతవరకు బండ్లు పెరిగినకొలది దారి ఎక్కువమందిని దాటించును. ఆ హద్దు దాటిన తరువాత వేగము తగ్గుటయే కాదు, గంటకు దాటు బండ్ల సంఖ్యయు తగ్గిపోవును. ఇందు ఒక ఊరటయు కలదు. హద్దుకు దాపున ఉన్నపుడు కొద్దిపాటి బండ్లు తగ్గినను దారి తెరచుకొనును. దసరా సెలవులలో పాఠశాలల బస్సులు ఆగిపోగానే నగరములో ప్రయాణము ఎంత సుఖమగునో అందరికిని అనుభవమే. ఉద్యోగులందరును ఆ దినములలోను పనికి పోవుచునే ఉందురు. కదలనివి ఆ కొన్ని బండ్లు మాత్రమే.

రాహువు కన్ను తప్పించుకొనుటకు నగరవాసి ఎరిగిన దారులు మూడు. మొదటిది వాహనము మార్చుట. 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమయ్యెను. 2019 నవంబరు నాటికి నాగోలు నుండి రాయదుర్గము వరకు సుమారు 28 కిలోమీటర్ల దారి పూర్తియయ్యెను. స్తంభములపై సాగు ఆ రైలునకు క్రింది రద్దీతో సంబంధము లేదు. దాని గొప్పతనము వేగముకంటె నిశ్చయములో ఉన్నది. ఎప్పుడు చేరుదుమో ముందుగనే తెలియుటచే మనస్సునకు నెమ్మది. అయితే రెండు మార్గములు కలియు అమీరుపేటలో తొమ్మిది గంటలవేళ మెట్లు దిగి రైలు మారినవారికి నేలమీది రాహువే పైకెక్కినట్లు తోచును. అంతేగాక స్టేషనునుండి కార్యాలయము వరకు మిగిలిన రెండు మూడు కిలోమీటర్లు మరల ఆ రహదారిమీదనే నడువవలెను.

రెండవది నివాసము మార్చుట. పనికి దాపున ఇల్లు తీసికొనుడని సలహా చెప్పుట తేలిక. కాని భర్త గచ్చిబౌలిలోను, భార్య సికింద్రాబాదులోను, పిల్లలు తార్నాకలోను పోగుపడిన సంసారము ఎవరికి దాపున ఉండవలెను? పడమటి అద్దెలు భరింపగలవారికే ఆ ప్రశ్న పుట్టును. భరింపలేనివారికి అదియును లేదు.

మూడవది వేళ మార్చుట. ఏడు గంటలకే ఇల్లు విడచి, కార్యాలయమున ఫలహారము చేసి, సాయంకాలము నాలుగింటికే తిరుగుముఖము పట్టువారు కలరు. వ్యయము లేని ఉపాయమిది. చాలమందికి ఇంతకన్న మంచి సలహా లేదు.

ఇక దారినే పెంచరాదా యని కొందరు అడుగుదురు. పైవంతెన కట్టిన తొలినెలలలో సుఖముగానే ఉండును. పిమ్మట ఏమగునో అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే వివరించెను. రద్దీకి వెరచి వేళ మార్చుకొన్నవారు, వేరుదారి పట్టినవారు, బస్సు లేక రైలు ఎక్కినవారు, దారి తెరచుకొన్నదని వినగానే మరల ఆ దారికి, ఆ వేళకు తిరిగివత్తురు. సంక్రాంతికి విజయవాడ దారి పట్టువారు ఈ సత్యమును వేరొక విధముగా ఎరుగుదురు. రద్దీ తప్పించుకొనుటకని ఎవరికి వారు తెల్లవారుజామున బయలుదేరి, పంతంగి టోలుగేటుకడ ఒకరినొకరు కలిసికొందురు.

కాబట్టి వేళయే అసలు సరకు. ఆ సరకు ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. ఏడింటికి బయలుదేరు గృహస్థుని ఇంటిలో ఆరింటికే పొయ్యి వెలుగవలెను. పొయ్యి వెలిగించు ఆమె అయిదింటికే తన బస్తీలో బస్సుకొరకు నిలువవలెను. ఆ వేళ బస్సులు అరుదు. వీధిదీపములు ఉన్నచోట ఉండును, లేనిచోట లేవు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణములో స్త్రీలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేకుండ చేసిరి. అది మేలైన పనియే. కాని ఉచితమైన టికెట్టు రాని బస్సును రప్పింపజాలదు. కావలివాని పాళీ ఎనిమిదింటికి మారును. ఆసుపత్రిలో దాది పాళీ మారు వేళయు అట్టిదే. వేలిముద్ర యంత్రము ముందు పది నిమిషములు ఆలస్యమైనచో కూలి కోత పడు గుమాస్తా ఏ రాహుకాలమును తప్పించుకొనగలడు? మనము తెలివిగా తప్పించుకొంటిమని సంతోషించు అరగంటను, తరచుగా మనకన్న చిన్న జీతము గలవారొకరు తమ నిద్రలోనుండి తీసి ఇచ్చుచున్నారు.

ఈ చిక్కు విడదీయుట ఒంటరి ప్రయాణికుని చేతిలో లేదు. గంట కొట్టువారి చేతిలో ఉన్నది. 2023 జూలైలో భారీ వర్షములు కురిసినపుడు, ఉద్యోగులను ఒకేమారు విడువక విడతలుగా ఇండ్లకు పంపవలసినదని సైబరాబాదు పోలీసులు కంపెనీలకు సూచించిరి. 2020 మహమ్మారినాడు ఎన్నో కార్యాలయములు ఇంటినుండియే నడచెను. సింగపూరులో 2013 జూను నుండి, నగరకేంద్రమందలి 16 స్టేషనులలో ఉదయము 7.45 లోపల దిగువారికి రైలుఛార్జీ లేకుండ చేసి, 2017 వరకు నడపిరి. ఆ తరువాత దానిని రాయితీగా మార్చిరి. అందరును ఒకేచోట కలిసినగాని పని సాగదనువారి మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను పదకొండు మొదలు మూడు వరకు అందరును కలిసియున్నచో ఆ అవసరము తీరును. రాకపోకలు ఒకరికి ఎనిమిదైనను, మరియొకరికి పదిన్నరయైనను నష్టమేమి? పాఠశాలలు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయములు, కంపెనీలు ఒక్క అరగంట ఎడముగా తెరచుకొన్నను గరాటుమూతికడ గింజలు జారును. వానలో సాధ్యమైనది ఎండలో ఏల సాధ్యము కాదు?

అట్టి ఏర్పాటు వచ్చువరకు ఎవరి ఉపాయము వారిదే. రేపు ఏడింటికే బయలుదేరవలెనని నిశ్చయించుకొనువారు తప్పక బయలుదేరవచ్చును. కాని ఈ రాత్రి ఆ మాట ఇంటిలో చెప్పునపుడు, ఉదయము తలుపు తట్టు ఆమె తన ఇల్లు ఎన్నింటికి విడువవలసివచ్చునో, ఆ వేళకు బస్సు ఉన్నదో లేదో, ఆమెనే ఒక్కమారు అడుగుట మేలు.