ఒకరికి హక్కు, మరొకరికి దయ

రావికమతంలో టీకొట్టు దగ్గర ఒక చెరకు రైతు నాతో అన్నాడు: "మీకేటి బాబూ, కరెంటు కూడా ఊరికే వస్తంది." ఆయన పొలంలో మోటారు తిరిగేదీ ఉచిత విద్యుత్తుతోనే. ఆయన దృష్టిలో అది రైతు హక్కు. మా పేటకు వచ్చేది సర్కారు దయ.

ఈ తేడాకు ఒక చరిత్ర ఉంది. 1998 నాటి సంస్కరణల చట్టంతో రాష్ట్ర విద్యుత్ బోర్డు ముక్కలైంది. 2000లో విశాఖపట్నం కేంద్రంగా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, మనం ఈపీడీసీఎల్ అనేది, ఏర్పడింది. అదే ఏడాది ఛార్జీల పెంపుపై ఉద్యమం రగిలింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. ఆ ఆగ్రహం రాజకీయాలను మార్చింది. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలుపై తొలి సంతకం పడింది.

ఆ సంతకాన్ని నేను తక్కువ చేయను. కాని దాని ఫలం నేరుగా అందేది భూమి, బోరు, మోటారు ఉన్నవారికే. అదే పొలంలో చెరకు నరికే భూమిలేని దళితుడికి అందులో వాటా లేదు. 2020లో వ్యవసాయ మీటర్లు, నగదు బదిలీ ప్రతిపాదన వచ్చి శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలైనప్పుడూ ఇదే ప్రశ్న తలెత్తింది: కనెక్షన్ భూయజమాని పేరున ఉంటే కౌలుదారు సంగతేమిటి?

ఇళ్ల విషయానికొస్తే, 2019లో ఎస్సీ, ఎస్టీలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమన్నారు. ఆ రాయితీని కాలనీలకూ తండాలకూ ముడిపెట్టడం తర్వాత వివాదమైంది. ఆ షరతు అర్థమేమిటి? పేట దాటి ఊళ్లో ఇల్లు కట్టుకున్న దళితుడు రాయితీ వదులుకోవాలి. వెలివాడను నిర్మూలించవలసిన రాజ్యమే వెలివాడ చిరునామాను అర్హతగా అడిగిందన్నమాట.

2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఏ రాయితీకైనా ప్రభుత్వమే పంపిణీ సంస్థకు ముందుగా డబ్బు చెల్లించాలి. మోటారుకైనా, మా ఇంటి బల్బుకైనా ఆ సొమ్ము వచ్చేది ఒకే ఖజానా నుంచి. ఆ ఖజానాలో కూలివాడు కొనే అగ్గిపెట్టె మీది పన్నూ ఉంది. అలాంటప్పుడు ఒకటి హక్కు, రెండోది దయ ఎలా అవుతుంది?

కౌలుదారుకు ఉచిత విద్యుత్తులో గుర్తింపు కావాలి. ఇంటి రాయితీ మనిషిని చూసి ఇవ్వాలి, వాడను చూసి కాదు. టీకొట్టు దగ్గర ఆ రైతుకు నేను చెప్పిందీ ఇదే: "మీ కరెంటు ఊరికే వచ్చింది కాదు, మాదీ కాదు."